సగటు దాచిన మంట: గ్యాస్ ఇంజిన్లలో నిలకడ సమస్యపై ఒక సమీక్ష

సూరత్ పేరు వినగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేవి మరమగ్గాలు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వైపు తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపింది. అదే ఊరికి పడమట, తపతి సముద్రంలో కలిసే చోట, హజీరా ఉంది. దేశపు గ్యాస్ చరిత్రలో పెద్ద భాగం అక్కడే మొదలైంది. అరేబియా సముద్రంలోని దక్షిణ బసీన్ క్షేత్రం నుంచి వచ్చే గంధకపు గ్యాస్‌ను ఓఎన్‌జీసీ శుద్ధి చేసేది హజీరాలోనే. ఉత్తరాదికి గ్యాస్ మోసుకెళ్లే హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ పైపులైను బయలుదేరేదీ అక్కడి నుంచే. 2005లో షెల్ సంస్థ ఎల్ఎన్‌జీ టెర్మినల్ తెరవడంతో విదేశీ గ్యాస్ కూడా ఓడల్లో హజీరాకు చేరింది. 2009లో కృష్ణా–గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా మరో పెద్ద పైపు పడింది. భరూచ్ సూరత్‌కు పొరుగు జిల్లా. అంటే గోదావరి ముఖద్వారం గ్యాస్, అరేబియా సముద్రం గ్యాస్, పరాయి దేశాల గ్యాస్ అన్నీ చేరేది పడమటి తీరంలోని ఈ పైపుల వలలోకే.

ఈ గ్యాస్‌లో కొంత ఎరువుల కర్మాగారాలకు, కొంత వంటిళ్లకు పోతుంది. కొంత సీఎన్‌జీగా ఆటోల్లో, కార్లలో, బస్సుల్లో మండుతుంది. ఈ వ్యాసం ఆ చివరి భాగం గురించి. సిలిండర్‌లో ప్రతిసారీ ఒకేలా మండుతోందా? లేదంటే ఎందుకు అలా మండడం లేదు? దానికి ఇప్పటిదాకా ఏం చేశారు? నూట నలభై ఏళ్లుగా ఇంజినీర్లు అడుగుతున్న ప్రశ్న ఇది. గ్యాస్ విషయంలో దీనికి ప్రత్యేకమైన పదును ఉంది.

ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు మంట అంటుకుంటుంది. సిలిండర్ గోడకు పీడనం కొలిచే సెన్సర్ బిగించి, వరసగా రెండు మూడు వందల సైకిళ్ల గీతలను ఒకదాని మీద ఒకటి గీస్తే అవి ఒక్క గీతగా కలవవు, కుంచె వెంట్రుకల్లా విచ్చుకుంటాయి. థ్రాటిల్ కదలకపోయినా, వేగం మారకపోయినా ఒక సైకిల్ బలంగా కొడుతుంది, పక్కది నీరసంగా కొడుతుంది. ప్రతి సైకిల్ పిస్టన్ మీద చేసిన పనిని సగటు పీడనంగా లెక్కగట్టి, ఆ విలువల చెదురును వాటి సగటుతో భాగించి శాతంలో చెప్పే అంకెను ఇంజినీర్లు సీఓవీ అంటారు. అది రెండు మూడు శాతం ఉంటే ఇంజిన్ సాఫీగా ఉందని లెక్క. పది దాటితే నడిపేవాడికి కుదుపు తెలుస్తుంది, మెకానిక్ చెవికి 'మిస్సవుతోంది' అని వినిపిస్తుంది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది మాత్రం ఎవరికీ వినబడదు, కనబడదు. నా దృష్టిలో అసలు నష్టం జరిగేది అక్కడే.

ఎలాగంటే, స్పార్క్ ఎప్పుడు వెయ్యాలో నిర్ణయించేది సగటు సైకిల్‌ను చూసి. సగం ఇంధనం మండేసరికి పిస్టన్ పై అంచు దాటి ఎనిమిది పది డిగ్రీలు కిందికి దిగి ఉండేలా అమరిస్తే పని బాగా దక్కుతుంది. కానీ సగటు కంటే వేగంగా మండిన సైకిల్‌కు ఆ స్పార్క్ తొందరగా పడినట్టు అవుతుంది. దాని పీడనం ఎగబాకి నాకింగ్ వైపు, అంటే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలే స్థితి వైపు, నెడుతుంది. నెమ్మదిగా మండిన సైకిల్‌కు అదే స్పార్క్ ఆలస్యమవుతుంది. మంట పూర్తి కాకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. వేగపు సైకిల్‌కు భయపడి కంప్రెషన్ నిష్పత్తి తగ్గించాలి, మందకొడి సైకిల్‌కు భయపడి మిశ్రమాన్ని చిక్కగా ఉంచాలి. అలా ఇంజిన్ మొత్తం రూపకల్పన రెండు కొసల్లో ఉన్న కొద్ది సైకిళ్లకు లొంగిపోతుంది. ఈ చెదురును పూర్తిగా తొలగించగలిగితే అదే ఇంధనంతో దాదాపు పది శాతం ఎక్కువ శక్తి రాబట్టవచ్చని ఓజ్డోర్, డుల్గర్, షెర్ 1994లో తమ సమీక్షలో రాశారు. ఆ పది శాతం చేతికి వచ్చే అంకె కాదు, పైకప్పు మాత్రమే. అయినా సమస్య పరిమాణం దానితో తెలుస్తుంది.

ఈ ప్రశ్న పుట్టింది గ్యాస్ ఇంజిన్‌లోనే. 1876లో నికోలస్ ఆటో జర్మనీలో నడిపిన నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కు ఇంధనం బొగ్గు గ్యాస్. డ్యుగల్డ్ క్లర్క్ 1886లో 'ది గ్యాస్ ఇంజిన్' పుస్తకం తెచ్చేనాటికే ఒక పేలుడుకూ మరో పేలుడుకూ తేడా ఇంజినీర్ల కంటబడింది. ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. బొగ్గు గ్యాస్‌లో దాదాపు సగం హైడ్రోజన్. త్వరగా అంటుకుని త్వరగా పాకే వాయువు అది. ఆ తర్వాత బొగ్గు గ్యాస్ పోయి పెట్రోల్ వచ్చింది, మళ్లీ గ్యాస్ వచ్చేసరికి అది సహజ వాయువుగా, అంటే దాదాపు మొత్తం మీథేన్‌గా వచ్చింది. తొలి గ్యాస్ ఇంజిన్లకు ఉచితంగా దొరికిన హైడ్రోజన్ సాయం ఇప్పటి గ్యాస్ ఇంజిన్లకు లేదు.

మధ్యకాలంలో పరిశోధన అంతా పెట్రోల్ చుట్టూ తిరిగింది. 1966లో ప్యాటర్సన్ సిలిండర్ పీడనపు ఒడిదుడుకులను దహనశాస్త్రపు మౌలిక సమస్యగా ముందుకు తెచ్చాడు. 1981లో యంగ్, 1994లో పైన చెప్పిన ముగ్గురు అప్పటిదాకా వచ్చిన పనినంతా కూర్చారు. 1983లో మాటెకునాస్ ఏ కొలమానం దేన్ని చూపిస్తుందో విడదీశాడు. ఒక్క గరిష్ఠ పీడనాన్నే చూస్తే మోసపోతామనీ, ఆ పీడనం ఏ కోణం దగ్గర వచ్చిందో కూడా చూడాలనీ ఇంజినీర్లకు నేర్పింది ఆ పనే. హేవుడ్ పాఠ్యపుస్తకం కారణాలను మూడుగా విడగొట్టింది: సిలిండర్‌లో గాలి కదలికలో తేడా, సిలిండర్‌లోకి చేరిన గాలి, ఇంధనం, పాత పొగల మోతాదులో తేడా, ప్లగ్ దగ్గరి మిశ్రమంలో తేడా. ఇంజినీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ ఇలాగే నేర్చుకుంటారు.

ఆ మూడింటికీ సమాన బరువు ఇవ్వడం మాత్రం మీథేన్ విషయంలో సరికాదని నా అభిప్రాయం. కారణం మీథేన్ స్వభావంలోనే ఉంది. గది ఉష్ణోగ్రత, మామూలు వాతావరణ పీడనం దగ్గర, గాలి–గ్యాస్ సరిపాళ్లలో ఉన్నప్పుడు మీథేన్ మంట సెకనుకు సుమారు 37 సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. హైడ్రోజన్ మంట దానికి ఐదారు రెట్ల పైనే. పెట్రోల్ ఆవిరితో పోలిస్తే ఈ స్థితిలో తేడా పెద్దగా లేదు. కానీ పీడనం పెరిగేకొద్దీ మీథేన్ మంట వేగం పెట్రోల్‌ది కంటే ఎక్కువగా పడిపోతుంది. ఇంజిన్‌లో స్పార్క్ పడేది పీడనం మధ్యలోనే కదా. మిశ్రమాన్ని పలచన చేస్తే ఇంకా దిగుతుంది: అవసరమైన ఇంధనంలో పదింట ఆరు వంతులే పెట్టి నాలుగు వంతులు తగ్గిస్తే వేగం మూడో వంతుకు చేరుతుంది. అంటించడానికి కావలసిన కనీస శక్తి కూడా మీథేన్‌కు దాదాపు 0.28 మిల్లీజూళ్లు, హైడ్రోజన్‌కు 0.02 చాలు.

వీటి ఫలితం మొదటి క్షణాల్లో కనిపిస్తుంది. స్పార్క్ పడ్డాక పుట్టే మంట మొలక మొదట కంటికి ఆనని చిన్న గోళం. 3000 చుట్ల వేగంలో మిల్లీసెకనుకు క్రాంక్ 18 డిగ్రీలు తిరుగుతుంది. ఇంధనంలో మొదటి పదో వంతు మండడానికే మిల్లీసెకను పైన పడుతుంది. ఆ కాసేపట్లో మొలక ప్లగ్ ఎలక్ట్రోడ్లకు తగిలి వేడి కోల్పోవచ్చు, గాలి సుడి దాన్ని ఒక పక్కకు తోసుకుపోవచ్చు, లేదా పాత పొగ నిండిన మూలలో అది పుట్టవచ్చు. పెద్ద మంటకు చుట్టూ ఉన్న సుడులు ఎన్నో కాబట్టి తేడాలు ఒకదాన్నొకటి సర్దేస్తాయి. మొలక మాత్రం తనకంటే పెద్దదైన ఒకే ఒక్క సుడి చేతిలో ఉంటుంది. ఆ సుడి ఎటు పోతే అటు పోతుంది. మెల్లగా పెరిగే మొలక ఆ దశలో ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి ఎక్కువ చెదురుతుంది. మీథేన్ కథ అంతా ఇదే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గాజు సిలిండర్ అమర్చిన ఇంజిన్లతో ఈ తొలి క్షణాలను కెమెరాల్లో పట్టారు. కంప్యూటర్లు పెద్ద సుడులను ఒక్కొక్కటిగా లెక్కించగల స్థాయికి వచ్చాక పీడన గీతల చెదురును గణితంతో కూడా తిరిగి రప్పించగలుగుతున్నారు. ఇవన్నీ చూశాక మొలకే ముఖ్యమన్న మాటను పక్కన పెట్టడం కష్టం.

మిశ్రమం బాగా పలచబడ్డ చోట ఇంకో రకమైన చెదురు మొదలవుతుంది. 1990లలో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో డా, ఫిన్నీ, గ్రీన్, కెన్నెల్ చూపినదేమంటే, సైకిళ్లు అన్నీ యాదృచ్ఛికంగా మారవు, గతం గుర్తు పెట్టుకుంటాయి. ఒక సైకిల్ సరిగా మండకపోతే మండని ఇంధనం కొంత సిలిండర్‌లో మిగిలిపోతుంది. దాంతో వచ్చే సైకిల్‌కు ఇంధనం ఎక్కువై అది బలంగా కొడుతుంది. బలంగా కొట్టాక మిగిలేది ఉత్త పొగే కాబట్టి ఆ తర్వాతది మళ్లీ నీరసిస్తుంది. బలం, నీరసం, బలం, నీరసం అన్న ఈ వరసలో క్రమం ఉంది గనక ముందే పసిగట్టి ఇంజెక్టర్‌తో సరిదిద్దవచ్చన్న ఆశ కలిగింది. ప్రయోగశాలలో ఆశ నిలిచింది. బండిలో ఇంధనం ఎక్కువ తక్కువలను అంత సన్నగా, సైకిల్‌కు ఒకసారి మార్చడం ఖరీదైన పని.

పొదుపు, శక్తి సంగతులు ఇలా ఉంటే, ఈ చెదురును పట్టించుకోవడానికి గ్యాస్‌కు మాత్రమే ఉన్న ఇంకో పెద్ద కారణం పొగ గొట్టంలో ఉంది. గ్యాస్ వాడితే అదే శక్తికి పెట్రోల్ కంటే సుమారు ఐదో వంతు కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. గ్యాస్ తరఫున మనం చేసే వాదనలో ఇదే ముఖ్యం. ఇప్పుడు నూరు సైకిళ్లలో ఒకటి పూర్తిగా తప్పిందనుకుందాం. నూటికి ఒక వంతు మీథేన్ మండకుండా బయటికి పోతుంది. నూరేళ్ల లెక్కన వాతావరణాన్ని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 30 రెట్లు. 99 గ్రాముల మీథేన్ మండితే 272 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మండని ఒక్క గ్రాము 30 గ్రాములకు సమానం. అంటే పదకొండు శాతం అదనపు భారం. ఐదో వంతు లాభంలో దగ్గర దగ్గర సగం ఆ ఒక్క సైకిల్ తినేసింది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ విలువ 80 రెట్లు దాటుతుంది, లాభం పోయి నష్టం మిగులుతుంది. మధ్యలో పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ ఉంటుంది నిజమే. కానీ హైడ్రోకార్బన్లన్నింటిలో మీథేన్‌ను కాల్చడమే దానికి అన్నిటికంటే కష్టం. నాలుగైదు వందల డిగ్రీల పైన వేడెక్కితే గానీ అది సరిగా పని చేయదు. సిగ్నల్ దగ్గర ఖాళీగా తిరుగుతున్న ఇంజిన్ పొగకు అంత వేడి ఎక్కడిది? పైగా ఖాళీగా తిరిగేటప్పుడే థ్రాటిల్ మూసుకుని పాత పొగ సిలిండర్‌లో ఎక్కువగా మిగులుతుంది, చెదురు అప్పుడే ఎక్కువ. సూరత్ రింగ్ రోడ్డు మీద ఆటోలకైనా, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలకైనా రోజూ చాలాసేపు గడిచేది ఆ స్థితిలోనే.

మరి మన తనిఖీ దీన్ని పట్టుకుంటోందా? భారీ వాహనాల ఇంజిన్లను అనుమతించేటప్పుడు బీఎస్-6 నిబంధన గ్యాస్ ఇంజిన్లకు మీథేన్‌పై విడిగా కిలోవాట్ గంటకు 0.5 గ్రాముల పరిమితి పెట్టింది. ఇది మంచి నిబంధన. కానీ రోడ్డెక్కాక కాలుష్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్షలో సీఎన్‌జీ బండికి కొలిచిన హైడ్రోకార్బన్‌ను 0.3తో గుణించి, వచ్చినదాన్నే పరిమితితో పోలుస్తారు. మీథేన్ విషపదార్థం కాదు, నగరపు పొగమంచుకు పెద్దగా కారణం కాదు అన్న పాత తర్కం దీని వెనుక ఉంది. ఆ తర్కం ఊపిరితిత్తుల వరకు సరే. కానీ ఈ గుణకం వల్ల మిస్సవుతున్న గ్యాస్ ఇంజిన్‌కు ధ్రువపత్రం తేలిగ్గా దొరుకుతుంది. ప్లగ్ అరిగిపోయిందనో, ఇంజెక్టర్ సరిగా లేదనో చెప్పగలిగిన ఏకైక చౌక పరీక్ష అలా కళ్లు మూసుకుంది. ఈ గుణకాన్ని తిరగరాయాలన్నది ఈ సమీక్షలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట.

ఇక మందుల సంగతి. మొదటి దారి, పలచన చేయడం మానుకోవడం. బీఎస్-6 వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి మన గ్యాస్ బస్సులు, లారీలు చాలావరకు సరిపాళ్ల మిశ్రమం, మూడు పనుల క్యాటలిస్ట్ దారి పట్టాయి. కొంత పొదుపు పోయినా మంట నిలకడ పెరిగింది, నైట్రోజన్ ఆక్సైడ్లు అదుపులోకి వచ్చాయి. పట్టణపు బండికి ఇది సరైన నిర్ణయమే. విద్యుత్తు తయారుచేసే పెద్ద ఇంజిన్లు మాత్రం పలచని మిశ్రమం దగ్గరే ఉండి మరో ఉపాయం పట్టాయి. ప్లగ్‌ను ఒక చిన్న గదిలో పెట్టి, అక్కడ మంటను ముందుగా రగిల్చి, సన్నని రంధ్రాల గుండా నిప్పు ధారలుగా పెద్ద గదిలోకి చిమ్ముతారు. ఒక్క మొలక బదులు అనేక ధారలు ఒకేసారి అంటిస్తాయి కనుక ఏ ఒక్క సుడికీ వాటి మీద పెత్తనం ఉండదు. సిద్ధాంతపరంగా సమస్య మూలాన్ని తాకే పరిష్కారం ఇదే. చిన్న ఇంజిన్‌లో ఆ చిన్న గది గోడలకు పోయే వేడి, ఖాళీగా తిరిగేటప్పుడు అందులో పేరుకునే పాత పొగ ఇంకా తలనొప్పులే.

ప్లగ్ వైపు నుంచి చేసిన పని కూడా చాలా ఉంది: ఎక్కువ శక్తి గల కాయిల్స్, రెండు ప్లగ్గులు, సన్నని ఇరిడియం మొనలు. ఐఐటీ కాన్పూర్‌లోని ఇంజిన్ పరిశోధన ప్రయోగశాల ప్లగ్‌ను తీసేసి లేజర్ కిరణంతో గ్యాస్‌ను అంటించి చూసింది. మొలక గోడలకు దూరంగా, గది మధ్యలో, వేడి లాక్కునే లోహం ఏదీ పక్కన లేకుండా పుడుతుంది. ప్రయోగంగా గొప్పది, కానీ బండిలోకి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. నా లెక్కలో అన్నిటికంటే చౌకైన మందు పిస్టన్ తలమీద ఉంది. మన రోడ్లమీద తిరిగే రెండు ఇంధనాల కార్లలో కంప్రెషన్ నిష్పత్తి పెట్రోల్ కోసం ఎంచుకున్నది. గ్యాస్ తట్టుకోగలిగినంత దాకా అది పోదు. గ్యాస్ కోసమే పిస్టన్ తలమీది గిన్నె ఆకారం మార్చి, సుడి పెంచి, కంప్రెషన్ ఎక్కిస్తే మంట వేగం పెరుగుతుంది, చెదురు తగ్గుతుంది. అదనపు యంత్రమేదీ అక్కర్లేదు. 2024 జూలైలో బజాజ్ తెచ్చిన సీఎన్‌జీ మోటార్‌సైకిల్ కూడా పెట్రోల్ ట్యాంకు వెంటబెట్టుకునే వచ్చింది. పంపులు అన్నిచోట్లా లేని దేశంలో అది తప్పదు, కానీ రెండు ఇంధనాలకు ఒకే గిన్నె అంటే ఒకదానికి అన్యాయం జరిగినట్టే.

మిగిలింది హైడ్రోజన్. ఇక్కడ సూరత్ మళ్లీ ముందుకొస్తుంది. ఆ ఊరి దగ్గరి కవాస్‌లోని ఎన్‌టీపీసీ గ్యాస్ విద్యుత్ కేంద్రం తన ఒక మెగావాట్ నీటిపై తేలే సౌర ఫలకాల కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌ను గుజరాత్ గ్యాస్‌తో కలిసి 2023 జనవరిలో తన ఆదిత్యనగర్ టౌన్‌షిప్ వంట గ్యాస్ పైపుల్లోకి పంపడం మొదలుపెట్టింది. ఐదు శాతంతో మొదలుపెట్టి దశలవారీగా పెంచాలన్నది ఆలోచన. అది పొయ్యిల కోసం. ఇంజిన్ల కోసం 2020 అక్టోబరులో ఢిల్లీ రాజ్‌ఘాట్ డిపోలో 50 బస్సులకు 18 శాతం హైడ్రోజన్ కలిపిన సీఎన్‌జీ పోశారు. దాన్ని తయారుచేసిన ఇండియన్ ఆయిల్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు తగ్గాయని చెప్పింది. మంట శాస్త్రం ప్రకారం అలాగే జరగాలి: కొద్దిపాటి హైడ్రోజన్ చేరినా మొలక త్వరగా బలం పుంజుకుంటుంది, పలచని మిశ్రమంలో మిస్సవడం తగ్గుతుంది. నికోలస్ ఆటో కాలం నాటి బొగ్గు గ్యాస్‌లో ఉన్న గుణాన్ని ఇలా తిరిగి కొంచెం తెచ్చుకుంటున్నాం.

కానీ లెక్క చూసుకోవాలి. ఘనపరిమాణంలో హైడ్రోజన్ శక్తి మీథేన్‌ది కంటే తక్కువ, దానిలో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి 18 శాతం హైడ్రోజన్ కలిపితే దాని నుంచి వచ్చేది మొత్తం శక్తిలో ఆరు శాతమే. కర్బనం తగ్గేదీ అంతే. ఐదు శాతం కలిపితే ఒకటిన్నర శాతం. అదే సిలిండర్ నింపితే 18 శాతం మిశ్రమంతో బండి నడిచే దూరం ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది. కాబట్టి హైడ్రోజన్‌ను కర్బనం తగ్గించే మందుగా అమ్మడం పొరపాటు. అది మంటను నిలకడగా ఉంచే మందు, దాన్ని అలాగే తూచాలి. దానికి తోడు సిలిండర్ల సమస్య ఉంది. ఎక్కువ బలమున్న ఉక్కుతో చేసిన సీఎన్‌జీ సిలిండర్లలో హైడ్రోజన్ రెండు శాతం మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది, ఉక్కు పెళుసుబారుతుందన్న భయంతో. నగరపు పైపుల్లో ఐదు శాతం కలిపి, అదే పైపు నుంచి సీఎన్‌జీ పంపు గ్యాస్ తీసుకుంటే ఏమవుతుందో కవాస్ తర్వాతి అడుగు వేసేముందే తేల్చాలి.

గ్యాస్ కూర్పు మారడం మీద మన దగ్గర జరిగిన పని పల్చగా ఉంది. డీ6 గ్యాస్ దాదాపు శుద్ధ మీథేన్. ఎల్ఎన్‌జీ దేశాన్ని బట్టి మారుతుంది, కొన్నింటిలో ఈథేన్, ప్రొపేన్ ఎక్కువ. అవి మంటను కొంచెం వేగపరుస్తాయి, నాకింగ్‌కు కొంచెం దగ్గర చేస్తాయి. ఇప్పుడు చెత్త, పేడల నుంచి తీసిన బయోగ్యాస్ కూడా కలుస్తోంది. 2025–26లో ఒక శాతంతో మొదలై 2028–29 నాటికి ఐదు శాతానికి చేరాలని కేంద్రం నిర్ణయించింది. భారతీయ ప్రమాణం ఆ బయోగ్యాస్‌లో నాలుగు శాతం దాకా కార్బన్ డయాక్సైడ్‌ను అనుమతిస్తుంది. మంటను నెమ్మదింపజేసే వాయువు అది. కలిపే పాలు చిన్నదే. కానీ బయోగ్యాస్ ప్లాంటు పక్కనే ఉన్న పంపులో గ్యాస్ నింపుకునే బండికి సగటు ఐదు శాతం వర్తించదు, దానికి ఆ రోజు ఆ పైపులో వచ్చిందే వర్తిస్తుంది.

గ్యాస్ కూర్పుపై ఈ పని చేయడానికి సూరత్ కంటే అనువైన చోటు దేశంలో నాకు తోచడం లేదు. హజీరా శుద్ధి కేంద్రం గ్యాస్, ఓడ గ్యాస్, భరూచ్ దాకా వచ్చిన గోదావరి గ్యాస్, కవాస్ హైడ్రోజన్ అన్నీ ఒక్క గంట ప్రయాణంలో దొరికే ఊరు అది. 1961లో మొదలైన సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ అక్కడి ఇచ్ఛానాథ్‌లోనే ఉంది. కావలసింది ఒక ఆటో ఇంజిన్, సిలిండర్‌లోకి ఒక పీడన సెన్సర్, ఎగ్జాస్ట్‌లో మీథేన్‌ను విడిగా కొలిచే పరికరం. ఖాళీగా తిరిగే వేగంలో, సగం థ్రాటిల్‌లో, పూర్తి థ్రాటిల్‌లో ఒక్కో గ్యాస్‌తో కొన్ని వందల సైకిళ్లు కొలవాలి. కొత్త ప్లగ్‌తో ఒకసారి, బాగా అరిగిన ప్లగ్‌తో ఒకసారి. పట్టికలో సగటు ఒక్కటే వేయకుండా, అన్నిటికంటే నీరసమైన ఐదు శాతం సైకిళ్లు ఎంత మీథేన్ వదిలాయో పక్కనే అచ్చు వేయాలి. 0.3 గుణకం ఉండాలో పోవాలో తేల్చేది ఆ పట్టికే.